ఒప్పందం వెనుక ఉన్న వ్యవస్థను చదవండి

 

ఈ రోజు పట్టాలు అందుకుంటున్న మీలో కొందరు రాజనీతి శాస్త్రం చదివారు, కొందరు అర్థశాస్త్రం చదివారు. పరీక్షల కోసం ఆ రెండింటినీ విడివిడిగా చదివినా ఫర్వాలేదు. దేశాల భవిష్యత్తును అంచనా వేసేటప్పుడు మాత్రం వాటిని విడదీయకండి. విడదీస్తే ఏమవుతుందో ఆఫ్రికా చరిత్ర చెబుతుంది.

1967 జూన్‌లో కెన్యా, ఉగాండా, టాంజానియా కంపాలాలో ఒప్పందం చేసుకుని తూర్పు ఆఫ్రికా సముదాయాన్ని స్థాపించాయి. రైళ్లు, ఓడరేవులు, తపాలా, విమానాలు మూడు దేశాలకూ ఉమ్మడి. ఎవరికీ చిన్నతనం కలగకుండా కార్యాలయాలను కూడా పంచుకున్నారు. రైల్వే, విమాన సంస్థల కార్యాలయాలు నైరోబీలో, ఓడరేవులది దార్ ఎస్ సలాంలో, తపాలాది కంపాలాలో, సముదాయం ప్రధాన కార్యాలయం అరుషాలో పెట్టారు. పరిశ్రమల్లో ముందున్న కెన్యా సరుకులతో పోటీ తట్టుకోవడానికి మిగతా రెండు దేశాలు బదిలీ పన్ను వేసుకునే వెసులుబాటు కూడా ఉంది. కాగితం మీద లోటేమీ లేదు. అయినా పదేళ్లకే, 1977లో, అంతా కూలిపోయింది.

కారణం మూడు దేశాల పాలనలో ఉంది. అదే 1967 ఫిబ్రవరిలో టాంజానియా అధ్యక్షుడు జూలియస్ నైరేరే అరుషా ప్రకటనతో సోషలిస్టు బాట పట్టి బ్యాంకులను జాతీయం చేశారు. జోమో కెన్యాట్టా నాయకత్వంలోని కెన్యా ప్రైవేటు పెట్టుబడిని నమ్ముకుంది. 1971 జనవరిలో ఉగాండాలో ఇదీ అమీన్ సైనిక తిరుగుబాటుతో గద్దెనెక్కాడు. పదవి పోయిన అధ్యక్షుడు ఒబోటేకు ఆశ్రయమిచ్చిన నైరేరే, అమీన్‌తో కలిసి కూర్చోనన్నారు. సముదాయానికి తుది నిర్ణయం తీసుకునేది ఆ ముగ్గురు అధ్యక్షులే. వాళ్ల సమావేశాలు ఆగిపోయాయి. వాళ్లను మళ్లీ ఒక గదిలో కూర్చోబెట్టగల సంస్థ ఇంకొకటి లేదు. 1977 ఫిబ్రవరిలో టాంజానియా కెన్యాతో సరిహద్దు మూసేసింది. అది తెరుచుకున్నది 1983లో. ఉమ్మడి ఆస్తుల పంపకాలు తేలేసరికి 1984 వచ్చింది.

యూరప్‌లోనూ ఇలాంటి గండమే వచ్చింది. 1965లో ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్ తన మంత్రులను యూరప్ ఆర్థిక సముదాయం మండలికి పంపడం మానేశారు. అయినా సముదాయం కూలిపోలేదు. బ్రస్సెల్స్‌లో కమిషన్, లక్సెంబర్గ్‌లో న్యాయస్థానం పని చేస్తూనే ఉన్నాయి. ఆ డిసెంబరు ఎన్నికల్లో డిగాల్ మొదటి విడతలో గెలవలేకపోయారు. ఈ బహిష్కరణ మీద రైతుల అసంతృప్తి అందుకు ఒక కారణం. 1966 జనవరిలో ఫ్రాన్స్ తిరిగి చర్చలకు వచ్చింది. అప్పటి ఆ సముదాయంలోని ఆరు దేశాల వ్యవస్థలూ ఒకే తీరువి కావు. ఫ్రాన్స్‌లో అధ్యక్షుడిది పైచేయి, జర్మనీలో చాన్సలర్ పార్లమెంటుకు జవాబుదారీ, బెల్జియం, నెదర్లాండ్స్‌లో రాజరికం కొనసాగుతోంది. కలిసి ఉండడానికి దేశాలన్నీ ఒకేలా ఉండనక్కర్లేదు. నాయకుడి కోపానికి ఇంట్లో ఓటరు, బయట న్యాయస్థానం హద్దు గీయగలిగితే చాలు.

తూర్పు ఆఫ్రికా ఈ పాఠం నేర్చుకుంది. 1999లో అరుషాలో కుదిరిన కొత్త ఒప్పందం సామాన్య పౌరుడికి కూడా సముదాయ న్యాయస్థానానికి వెళ్లే హక్కు ఇచ్చింది. 2006లో ఉమ్మడి శాసనసభకు కెన్యా పంపిన సభ్యుల ఎంపిక సరిగా జరగలేదని ఆ దేశ పౌరులే దావా వేశారు. న్యాయస్థానం ఆ సభ్యుల ప్రమాణ స్వీకారాన్ని ఆపింది, తర్వాత ఆ ఎంపిక ఒప్పందానికి విరుద్ధమని తేల్చింది. ప్రమాణ స్వీకారం ఆపడమే అధినేతలకు నచ్చలేదు. ఒప్పందాన్ని సవరించి న్యాయమూర్తుల మీద కొత్త నిబంధనలు తెచ్చారు. ఈ పెనుగులాట ఇప్పుడప్పుడే ముగిసేది కాదు. పశ్చిమ ఆఫ్రికాలో సైనిక పాలకుల చేతుల్లో ఉన్న మాలీ, బుర్కినా ఫాసో, నైజర్ 2025 జనవరిలో ఆ ప్రాంతపు కూటమి ఎకోవాస్ నుంచి బయటికి వెళ్లిపోయాయి. అర్ధ శతాబ్దపు కూటమికి అది పెద్ద దెబ్బ.

అయినా ఆఫ్రికా ఆగలేదు. 2018 మార్చిలో కిగాలీలో ఖండమంతటికీ స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం కుదిరింది. ఇప్పటికి 54 దేశాలు సంతకం చేశాయి. దాని సచివాలయం ఘనా రాజధాని అక్రాలో ఉంది. అయితే ఒప్పందం బతికేది సరిహద్దు దగ్గర. ఉదాహరణకు, జాంబెజీ నది మీద జాంబియా, జింబాబ్వేల మధ్య చిరుండు సరిహద్దు కేంద్రం ఉంది. ఒకప్పుడు అక్కడ లారీలు రోజుల తరబడి బారులు తీరేవి. డ్రైవరు ఒక ఒడ్డున కాగితాలు చూపించి, వంతెన దాటాక అవే కాగితాలు మళ్లీ చూపించాలి. 2009 నుంచి రెండు దేశాల అధికారులూ ఒకే ఆవరణలో కూర్చుని తనిఖీ చేస్తున్నారు. ఇందుకు రెండు పార్లమెంట్లూ చట్టాలు చేయాల్సి వచ్చింది. పరాయి దేశపు అధికారి మన గడ్డ మీద తన చట్టం అమలు చేయడానికి ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. ఆ లారీ డ్రైవరుకు దక్కిన సౌకర్యం వెనుక అంత రాజకీయం ఉంది.

2023 సెప్టెంబరులో మన ఢిల్లీలో జరిగిన సదస్సులోనే ఆఫ్రికన్ యూనియన్ జీ-20లో శాశ్వత సభ్యత్వం పొందింది. అంటే ఆ ఖండంతో మన పని ఇక పెరిగేదే. మీలో కొందరు విదేశాంగ శాఖలో, బ్యాంకుల్లో, వ్యాపార సంస్థల్లో, పత్రికల్లో ఆ పని చేస్తారు.

విద్యార్థులారా! ఏ వాణిజ్య ఒప్పందం మీ చేతికి వచ్చినా సుంకాల పట్టికతో ఆగిపోకండి. దాన్ని ఒక్క మనిషి కోపం ఆపగలదా, మాట తప్పితే సామాన్యుడు ఎక్కడికి వెళ్లి అడగగలడు అని చూడండి. జవాబు దొరకకపోతే ఆ మాట పైవాళ్లకు నచ్చకపోయినా రాసి పెట్టండి. మీరు చదివిన చదువుకు అదే న్యాయం.