అభిమాన సంఘం నేర్పిన పాఠం

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



నిర్వాహకులు నన్ను ఇంజనీరుగా నా అనుభవాలు చెప్పమన్నారు. ముప్పై ఏళ్ళుగా వంతెనలు కడుతున్నాను. భోజనాలయ్యాక వాటి గురించి మొదలుపెడితే సగంమంది నిద్రపోతారు. అందుకని వేరే సంగతి చెబుతాను. ఒక సినిమా హీరో చనిపోయిన రోజు సంగతి. సినిమా కబుర్లకి ఇది వేదికా అని మాస్టార్లు కోప్పడకుండా చివరిదాకా వినాలని మనవి.

2022 నవంబరు 15 తెల్లవారుజామున సూపర్‌స్టార్ కృష్ణ గారు హైదరాబాదులో కన్నుమూశారు. ఆయనకి 79 ఏళ్ళు. ఇప్పటి పిల్లలకి ఆయన మహేష్ బాబు నాన్నగారు. మాకు మాత్రం కృష్ణ అంటే కృష్ణే.

తెలుగుదేశం పుట్టకముందే మన బడిలో ఎన్టీఆర్ పార్టీ ఉండేది. దానికి పోటీ మా కృష్ణ పార్టీ. ఏఎన్నార్ వాళ్ళు కొద్దిమంది, మర్యాదస్తులు, గొడవల్లోకి వచ్చేవారు కాదు. బుర్రిపాలెం మనకి ఎంత దూరం? తెనాలి పక్కనే. అందుకని కృష్ణ మాకు "మనోడు". తెలుగులో తొలి కౌబాయ్ సినిమా "మోసగాళ్ళకు మోసగాడు" మనోడిది. తొలి సినిమాస్కోప్ "అల్లూరి సీతారామరాజు" మనోడిది. తర్వాత 1986లో వచ్చిన తొలి 70 ఎం.ఎం. "సింహాసనం" కూడా మనోడిదే. ఇంటర్వెల్ బెల్లు కొడితే చాలు, చింతచెట్టు కింద ఇవే వాదనలు.

ఆ పార్టీకి నాయకుడు నా బెంచీ మిత్రుడు. పేరు చెప్పొద్దన్నాడు కాబట్టి చెప్పను. చదువులో వెనక, మిగతా అన్నిట్లో ముందు. కొత్త సినిమా వస్తుందంటే తలా పావలా వసూలు చేసి రంగు కాగితాలు, మైదాపిండి కొనేవాడు. రాత్రంతా మేలుకుని తోరణాలు కట్టించేవాడు. వసూలైన ప్రతి పైసాకీ లెక్క రాసేవాడు. అదే మనిషి లెక్కల పరీక్ష ఒక్కటీ గట్టెక్కలేదు.

ఒకసారి "అల్లూరి సీతారామరాజు" మళ్ళీ టూరింగ్ టాకీసుకి వచ్చింది. మధ్యాహ్నం బడి ఎగ్గొట్టి మ్యాట్నీకి వెళ్ళాం. చివర్లో అల్లూరి ప్రాణం విడిచే ఘట్టానికి అందరం ఏడ్చాం. ఎర్రబడిన కళ్ళతో బయటికొస్తే ఎదురుగా లెక్కల మాస్టారు, సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నారు. కొట్టలేదు. మర్నాడు క్లాసులో బోర్డు మీద ఒక లెక్క వేశారు. నేల 200 మంది, టికెట్టు అర్ధరూపాయి. బెంచీ 120 మంది, రూపాయి. కుర్చీ 60 మంది, రెండు రూపాయలు. హాలు నిండితే వసూలెంత? అందులో పన్ను పోతే హాలువాడికి మిగిలేదెంత? పెట్టుబడి తిరిగి రావాలంటే ఎన్ని ఆటలు నిండాలి? శాతాలు నాకు అర్థమైంది ఆ రోజే. నేను ఇంజనీరునయ్యానంటే ఆ మూడువందల నలభై రూపాయల వసూలే దానికి మొదలు.

ఇక అసలు సంగతికి వస్తాను. నవంబరు 16న కృష్ణ గారి భౌతికకాయాన్ని జనం చూడటానికి పద్మాలయా స్టూడియోలో ఉంచారు. ఆఫీసుకి సెలవు పెట్టి వెళ్ళాను. యాభై దాటిన మనిషిని, బీపీ మాత్ర వేసుకుని లైనులో నిలబడ్డాను. నా ముందు తాపీమేస్త్రీలు, వెనక ఒక బ్యాంకు ఉద్యోగి. అందరూ ఇంచుమించు నా వయసువాళ్ళే. ఒకాయన చేతిలో పాత సినిమా పాటల పుస్తకం ఉంది. ఎవరూ ఎవరికీ తెలియదు. అయినా ఎవరో మంచినీళ్ళ సీసా ఇస్తే తాగి పక్కవాళ్ళకి ఇస్తున్నారు.

అభిమానుల దుఃఖం గురించి మనం తేలిగ్గా మాట్లాడతాం. అందులో తప్పూ లేకపోలేదు. 1987లో ఎంజీఆర్ పోయినప్పుడు తమిళనాడులో కొందరు ప్రాణాలు తీసుకున్నారు. 2006లో రాజ్‌కుమార్ గారు పోయినప్పుడు బెంగళూరులో అల్లర్లు జరిగి, ఒక పోలీసుతో సహా కొందరు చనిపోయారు. అది సమర్థించేది కాదు. కానీ ఆ రాజ్‌కుమార్ గారి కళ్ళు దానం చేశారని తెలిసి నేత్రదానానికి ముందుకొచ్చింది కూడా అభిమానులే. ఆయన కొడుకు పునీత్ 2021లో పోయినప్పుడూ అదే జరిగింది.

ఆ లైనులో వెనక నుంచి నా భుజం మీద చెయ్యి పడింది. "ఏరా, నువ్వూ వచ్చావా?" అన్నారెవరో. తిరిగి చూస్తే మా కృష్ణ పార్టీ నాయకుడు! ముప్పై ఏళ్ళు దాటింది చూసి. రాత్రి రైలుకి ఊళ్ళోవాళ్ళని ఇరవైమందిని వెంటేసుకుని వచ్చాడట. అందరికీ పులిహోర పొట్లాలు కట్టించాడు. ఎవరు ఎక్కారు, ఎవరు దిగారు అంతా ఒక చిన్న పుస్తకంలో రాసి ఉంది.

రెండున్నర గంటలు నిలబడితే ఆయన్ని చూసింది పది సెకన్లు. బయటికొచ్చి చెట్టు కింద కూర్చున్నాం. పొట్లం విప్పుతూ వాడు మామూలుగా అడిగాడు. "మాస్టారు పోయినప్పుడు నువ్వు రాలేదేరా?"

మన లెక్కల మాస్టారు ఆ సంవత్సరమే ఆగస్టులో పోయారు. వార్త మన వాట్సాప్ గ్రూపులో చూశాను. నాలాంటివాళ్ళు అరవైమంది దాకా దండం బొమ్మ పెట్టారు. నేనూ పెట్టాను. ఆ రోజు నాకు మీటింగు ఉంది. హైదరాబాదు నుంచి ఊరికి ఐదారు గంటల ప్రయాణం. పెద్దకర్మకి వెళ్దాంలే అనుకున్నాను. అప్పుడూ ఏదో పని వచ్చింది.

"పని పడిందిరా" అన్నాను. వాడేమీ అనలేదు. పులిహోరలో కరివేపాకు ఏరి పక్కన పెట్టుకుంటూ ఆ రోజు సంగతి చెప్పాడు. మాస్టారి అబ్బాయి విదేశం నుంచి చేరుకునేసరికి రెండో రోజు మధ్యాహ్నం అయింది. ఐస్ బాక్సు తెప్పించింది వీడు. బంధువుల కోసం స్టేషనుకి ఆటోలు పంపింది వీడు. వచ్చినవాళ్ళకి భోజనం పెట్టించింది, పాడె ఒక కొమ్ము మోసింది వీడు. "సంఘం కుర్రాళ్ళు ఉన్నారుగా, ఫోను చేస్తే వచ్చేశార్రా" అన్నాడు. కుర్రాళ్ళంటే మన వయసువాళ్ళే. సంఘం అంటే ఊళ్ళో కృష్ణ అభిమాన సంఘం.

లెక్కల్లో తప్పినవాడు మాస్టారి పాడె మోశాడు. లెక్కల్లో తొంభై ఆరు తెచ్చుకున్న నేను దండం బొమ్మ పెట్టాను. నా పేరైనా తెలియని మనిషి కోసం సెలవు పెట్టి లైనులో నిలబడ్డాను. నా చెయ్యి పట్టుకుని శాతాలు నేర్పిన మనిషి కోసం నాకు సెలవు దొరకలేదు.

కృష్ణ గారి కోసం వెళ్ళడం తప్పని నేను అనను. మళ్ళీ అయినా వెళ్తాను. సినిమా పోయి నష్టమొస్తే నిర్మాతని పిలిచి పారితోషికం వదులుకుని ఇంకో సినిమా చేసి పెట్టిన మనిషి ఆయన. ఆయన కోసం ఏడిస్తే అందులో మా చింతచెట్టు, మా మ్యాట్నీ కూడా ఉన్నాయి. నేను చెప్పేది ఒక్కటే. మనం నవ్వుకునే అభిమాన సంఘానికి మనిషి పోతే ఏం చెయ్యాలో తెలుసు. యాభై ఏళ్ళ మన పూర్వ విద్యార్థుల సంఘంలో ఇంజనీర్లున్నాం, డాక్టర్లున్నాం, ఆఫీసర్లున్నాం. మనకి తెలియలేదు.

అందుకని సంఘానికి ఒక ప్రతిపాదన పెడుతున్నాను. మనకి చదువు చెప్పిన మాస్టార్లు, టీచర్లు ఎవరెక్కడున్నారో ఒక జాబితా రాద్దాం. ఒక్కొక్కరికి దగ్గర్లో ఉన్న మనవాళ్ళని ఇద్దరిని బాధ్యులుగా పెడదాం. వాళ్ళ పని పండక్కోసారి వెళ్ళి పలకరించి రావడం. ఒంట్లో బాగాలేకపోతే ఆస్పత్రికి తీసుకెళ్ళడం. ఆ రోజంటూ వస్తే అందరికీ ఫోను చెయ్యడం. ఖర్చుకి మొదటి చందా నాది. జమాఖర్చులు రాయడానికి మాత్రం నన్ను పెట్టొద్దు. దానికి నాకన్నా నమ్మకమైన మనిషి వెనక వరుసలో కూర్చున్నాడు.

మాస్టారి ఇంటికి నేను ఇంకా వెళ్ళలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలో తెలియక ఇన్నాళ్ళూ ఆగాను. అమ్మగారు ఆ ఇంట్లోనే ఉన్నారట. సభ అయ్యాక వెళ్తున్నాను. మావాడు బండి తీసుకొస్తానన్నాడు. వచ్చేవాళ్ళుంటే గేటు దగ్గర కలవండి.

సెలవు.