కప్పు క్రింద నిలుచుట

(కమాన్‌పూర్‌లో సంఘపెద్దల కూడికయందు చేసిన ప్రసంగ పాఠము)



నూరేండ్లు అనే మాట మన కమాన్‌పూర్ వారికి కొత్త కాదు. ఆ పేరుతోనే మన ప్రక్కన సెంటినరీ కాలనీ ఉన్నది. సింగరేణిలో 1889లో తవ్వకము మొదలైనప్పటినుండి నేటి వరకు ఆ బొగ్గును ఏ ఒక్కరూ ఒంటరిగా తవ్వలేదు. ఒక షిఫ్టు దిగితే ఒక షిఫ్టు ఎక్కింది. తండ్రి దీపము దించితే కొడుకు ఎత్తుకొన్నాడు. సంఘముయొక్క నూరేండ్లు కూడా అటువంటివే.

రోమా పత్రిక 5వ అధ్యాయము 3, 4 వచనములలో పౌలు శ్రమనుండి ఓర్పు, ఓర్పునుండి పరీక్షకు నిలిచిన స్వభావము, దానినుండి నిరీక్షణ కలుగునని బోధిస్తున్నాడు. అక్కడ ఓర్పు అనుటకు వాడిన గ్రీకు మాట ‘హుపొమొనే’. దాని మూలార్థము ‘క్రింద నిలిచియుండుట’. వేదాంత కళాశాలలో ఈ మాటను నేను పుస్తకములో చదివి, పరీక్షలో వ్రాసి, మార్కులు కూడా తెచ్చుకొన్నాను. దాని అర్థము మాత్రము నాకు ఈ బొగ్గు ప్రాంతములోనే తెలిసింది.

కొన్ని సంవత్సరముల క్రిందటి మాట. నేనున్న పాస్టరేటులో గుడి గోడలు కప్పు వరకు లేచి ఆగిపోయినవి. రిటైరైన కుటుంబములు క్వార్టర్లు ఖాళీచేసి సొంత ఊళ్ళకు వెళ్ళినవి. పిల్లలు హైదరాబాదు పోయినారు. ఆదివారము బల్లలు సగము కూడా నిండేవి కావు. కమిటీలో లెక్కల విషయమై మాటలు పెరిగి, ఇద్దరు పెద్దలు ఒకరి ముఖము ఒకరు చూచుకొనుట మానివేసినారు. చందా పుస్తకము, తాళపు చెవులు, తగవులు అన్నీ నా చేతిలోనే ఉంచుకొన్నాను. ఎవరినీ నమ్మలేకపోయితిని. చివరకు ఒక రాత్రి నన్ను బదిలీ చేయుమని ఉత్తరము వ్రాసి, జేబులో పెట్టుకొన్నాను. నా భార్యకు సైతము చెప్పలేదు.

మరునాడు మా సంఘములోని ఒక వృద్ధుడు ప్రార్థనకు వచ్చినాడు. బాయిలో టింబర్‌మన్‌గా పనిచేసి రిటైరైనవాడు, చదువు తక్కువ. నా ముఖము చూచి, “అయ్యగారూ, నిద్ర పోలేదా?” అని అడిగినాడు. దాచుకొనలేక అంతా చెప్పితిని. ఆయన కొంతసేపు ఊరకుండి ఇట్లన్నాడు:

“బాయిల మేం పెట్టిన కర్ర గుట్టను జన్మంత మోస్తదా అయ్యగారూ? మోయది. మనం ఉన్నంత సేపు మోస్తె సాలు. బరువెక్కువైతె కర్రె కిర్రుమని చెప్తది. అప్పుడు పక్కపొంటి ఇంకోటి పెడ్తం. మీరేమొ ఒక్క కర్రె మొత్తం మోయాలె అనుకుంటున్నరు. పక్కన మమ్ములను ఎందుకు పెట్టుకోరు?”

ప్రియులారా, ఆ ఉత్తరము నేను పంపలేదు. తాళపు చెవులు మాత్రము ఇచ్చివేసినాను. ఆ మాట నన్ను ఓదార్చినది, గద్దించినది కూడా. నా అలసటకు పని ఒక్కటే కారణము కాదు. నా గర్వము కూడా అందులో ఉన్నది. నిర్గమకాండము 18లో యిత్రో తన అల్లుడైన మోషేకు చెప్పిన బుద్ధియే ఈ టింబర్‌మన్ నాకు చెప్పినాడు.

దోర్నకల్ అజరయ్య అధ్యక్షులవారిని ఈ సందర్భములో జ్ఞాపకము చేసికొనవలెను. ఆయన 1874లో తిరునెల్వేలి సీమలో పుట్టిన తమిళుడు. 1909లో సింగరేణి గనులకు సమీపమున ఉన్న దోర్నకల్‌కు సువార్త పనికై వచ్చినాడు. తెలుగు ఆయన తల్లిభాష కాదు; పెద్దవాడైన తరువాత నేర్చుకొన్నాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకము పొంది ఆంగ్లికన్ సంఘమునకు మొదటి భారతీయ బిషప్ అయినాడు. భారతీయుడు బిషప్ ఎట్లగునని సందేహించినవారు తెల్లవారిలోను ఉన్నారు, మనవారిలోను ఉన్నారు. ఆయన వారితో వాదించుచు కాలము గడపలేదు. ఎడ్లబండిపై పల్లెలు తిరిగినాడు. బాప్తిస్మము పొందిన ప్రతివాడు తలపై చేయిపెట్టుకొని సువార్త ప్రకటించుట తన బాధ్యతయని పలుకునట్లు నేర్పినాడు. ప్రతి పేద రైతుకూలీని ప్రక్కన ఒక కర్రగా నిలిపినాడని నేను గ్రహిస్తున్నాను.

దోర్నకల్‌లోని ఎపిఫనీ కతీడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడినది. అప్పటికి ఆయన బిషప్ అయి 26 సంవత్సరములు. మన గుడి మూడేండ్లు ఆలస్యమైతే మనము దేవునిమీద అలుగుతున్నాము!

ఇంకొక సంగతి. వేర్వేరు సంఘములు ఏకము కావలెనని 1919లో తరంగంబాడిలో కూడిన సభలో ఆయన ముఖ్యుడు. ఆ పనికై పావు శతాబ్దము శ్రమించినాడు. 1945 జనవరి 1న దోర్నకల్‌లో ప్రభువునందు నిద్రించినాడు. దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడినది. మోషే నెబో కొండమీదనుండి చూచినట్లు, ఆయన కూడా దూరమునుండియే చూచినాడు. ఆయన షిఫ్టు ముగిసినది, పని ఆగలేదు.

కాబట్టి పెద్దలారా, మూడు మాటలు మనవి చేస్తాను.

మొదటిది, కప్పును తట్టి చూడండి. సర్దారు పనిస్థలములో కర్రతో కప్పును తట్టి శబ్దము వింటాడు. గట్టి కప్పు ఒక రకముగా, డొల్ల కప్పు ఒక రకముగా పలుకుతుంది. పగులు కనబడినా ఏమీ కాదులే అనుకొనుట విశ్వాసము కాదు. మన లెక్కలలో, మన తగవులలో డొల్ల ఎక్కడున్నదో ప్రార్థనతో వెదకవలెను.

రెండవది, ఒక్కరే నిలువకండి. యౌవనస్థులకు, స్త్రీలకు బాధ్యత ఇవ్వండి. వారు తప్పు చేస్తే నేర్చుకొంటారు. మనమును అట్లే నేర్చుకొన్నాము.

మూడవది, షిఫ్టు అప్పగించుట నేర్చుకొనండి. ఓర్పు వేరు, కుర్చీని పట్టుకొని కూర్చొనుట వేరు. దిగిపోవు సర్దారు పనిస్థలములోని అపాయములను పుస్తకములో వ్రాసి, తరువాతి వానికి అప్పగిస్తాడు. మనమును దాచకుండ అప్పగించవలెను.

సిలువ క్రింద నిలిచిన కొద్దిమంది స్త్రీలు ఆ రోజు ఏమియు చేయలేకపోయిరి. అయినను వెళ్ళిపోలేదు. మూడవ దినమున సమాధియొద్దకు మొదట పోయినవారు వారే. క్రింద నిలిచినవారికే ఉదయము కనబడును.

మా ఆ గుడికి తరువాత కప్పు పడినది. నేను అప్పటికి అక్కడ లేను. నా తరువాత వచ్చిన గురువుగారు దానిని వేయించినారు. పిలిస్తే వెళ్ళి, వెనుక బల్లమీద కూర్చుండి, పైకి చూచి దేవుని స్తుతించితిని.

మనలను నిలిపిన దేవుడు మన తరువాతి షిఫ్టును కూడా నిలుపును గాక. ఆమేన్.