పాటిదిబ్బలు, పరిశోధన, ధనము
(మెదకు పట్టణమున గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



పూర్వము జనులు కాపురముండి విడిచిపోయిన చోటును మన పల్లెలలో పాటి యందురు. అచట బూడిదయు, పేడయు, చెత్తయు తరతరములుగా చేరియుండుటచే ఆ మన్ను సారవంతము. వేసవిలో పాటిమన్నును బండ్లకెత్తి పొలములకు తోలుట రైతుల పాతవాడుక. ఆ మట్టిలో కుండపెంకులు, పూసలు, ఒక్కొక్కప్పుడు నాణెములును కనబడును. పెద్దబండలతో కట్టిన పురాతన సమాధులను రాకాసిగుళ్ళనియు, పాండవగుళ్ళనియు పిలుతురు. ఈ దిబ్బలును, ఈ గుళ్ళును లిపిలేని గ్రంథములు. వానిని చదువుటకు వ్యయమెంతటిది, ఆ వ్యయమును దేనికొరకు చేయవలెను అనునది నేటి ప్రసంగవిషయము.

గ్రంథాలయములోని పుస్తకమును వందమంది చదివినను దానిలోని అక్షరము చెరగదు. దిబ్బ అట్లు కాదు. పై పొరను తొలగించిననే గాని క్రింది పొర కనబడదు. తొలగించిన పొరను మరల యథాస్థానమున నిలుపుట ఎవరితరమును కాదు. పురావస్తు పరిశోధకుడు తాను చదివిన పుటను తానే చింపివేయవలసినవాడు. కావున చదువువేళ అతని చేతనున్న సాధనములు ఎట్టివను ప్రశ్న మిక్కిలి ముఖ్యము.

ఇందులకు కొండాపురమే ఉదాహరణము. అది పూర్వపు మెదకు జిల్లాలోనిది. 2016నుండి సంగారెడ్డి జిల్లాలో చేరినది. అచటి దిబ్బను జనులు కోటగడ్డ యందురు. 1914లో హైదరాబాదు రాజ్యమున పురావస్తుశాఖ ఏర్పడి, గులాం యజ్దానీ గారు దానికి అధిపతియైరి. 1940 తరువాత ఆ శాఖ కొండాపురమును తవ్వి శాతవాహనుల కాలపు ఇండ్ల పునాదులను, నాణెములను, మట్టిబొమ్మలను, పూసలను వెలికితీసెను. నాటి పండితులు నాణెములనుబట్టియు, కుండల తీరునుబట్టియు కాలనిర్ణయము చేసిరి. పొయ్యిలోని బొగ్గు తన వయస్సును తాను చెప్పగలదని ఆనాడు లోకమున ఎవరును ఎరుగరు.

విల్లర్డ్ లిబ్బీ యను అమెరికా శాస్త్రజ్ఞుడు ఆ విద్యను 1949లో లోకమునకు చూపెను. దానికిగాను 1960లో నోబెలు బహుమానమందెను. చెట్టు బ్రతికియున్నంతకాలము గాలినుండి ఒక విధమైన కర్బనమును గ్రహించుచుండును. చెట్టు చచ్చినది మొదలు ఆ కర్బనము నియమముగా తరుగును. సుమారు 5,730 సంవత్సరములకు సగము మిగులును. మిగిలినదానిని కొలిచినచో చెట్టు చచ్చి ఎన్నేండ్లయినదో తేలును. ఇది తెలిసిన పిమ్మట తవ్వకపు గోతిలోని బొగ్గుముక్క బంగారు నాణెముకన్న విలువైనదయ్యెను. కొండాపురపు దిబ్బను మొదటివారు పూర్తిగా తవ్వివేయలేదు. కేంద్ర పురావస్తుశాఖ 2009 తరువాత అచట మరల తవ్వగలుగుటకు కారణమిదియే. మిగిల్చిన భాగమే రెండవ తరమునకు దక్కిన ఆస్తి.

బొగ్గు చెప్పిన సాక్ష్యమునకు పాలమూరు సీమలోని మక్తలు ప్రాంతపు ఉట్నూరు నిదర్శనము. అచటి బూడిద దిబ్బనుగూర్చి జనులు రాక్షసుల కథలు చెప్పుకొనుచుండిరి. పండితులు పలువిధములుగా ఊహించిరి. 1957లో ఆల్చిన్ యను ఆంగ్ల పరిశోధకుడు తవ్విచూడగా పశువుల గిట్టల గురుతులు బయల్పడెను. అది పూర్వుల పశువుల దొడ్డి. బూడిద యంతయు కాలిన పేడయే. అచటి బొగ్గును బ్రిటిషు మ్యూజియము ప్రయోగశాలలో పరీక్షింపగా, ఆ దొడ్డి సుమారు 4,000 ఏండ్లకు పూర్వపుదని తేలెను. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1961లో ఆ నివేదికను ముద్రించెను. తెలుగు పశుల కాపరి వయస్సు తెలియుటకు బొగ్గు సముద్రములు దాటవలసివచ్చెను. అట్టి పరీక్షలు నేడు మనదేశమునను జరుగుచున్నవి. కాని యంత్రములు ఖరీదైనవి, ప్రతి పరీక్షకును మూల్యము కలదు.

2017లో తెలంగాణ పురావస్తుశాఖ సిద్దిపేట జిల్లాలోని పుల్లూరు, నర్మెట్ట గ్రామములలో రాకాసిగుళ్ళను తవ్వెను. ఆ గ్రామములును పూర్వపు మెదకు జిల్లాలోనివే. నర్మెట్టలో సమాధిపై కప్పిన బండ 40 టన్నులకు మించినదని అంచనా. దానిని క్రేనుతో లేపిరి. యంత్రములు లేనినాడు అట్టి బండను అచటికి చేర్చినవారెవరు? అందులకే అచటి యెముకలను వంశలక్షణముల పరీక్షకై హైదరాబాదులోని సి.సి.ఎం.బి. సంస్థకు పంపిరి.

ఈ పరీక్ష మరియొక సత్యమును బోధించును. మన ఉష్ణదేశమున ఎముకలలోని వంశసూత్రములు త్వరగా నశించును. హర్యానాలోని రాఖీగఢీ సమాధుల విషయమున 61 నమూనాలు పరీక్షింపగా ఒక్కటి మాత్రమే ఫలించెనని 2019లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఫలింపని అరువదింటికిని వ్యయమైనది. విత్తినవన్నియు మొలవవని ఎరిగియు రైతు విత్తును. పరిశోధనకు ధనమిచ్చువారికి అట్టి ఓర్పు కావలెను.

కాని ధనము ఎటు పోవుచున్నది? 2013లో కంప్ట్రోలరు, ఆడిటరు జనరలు తమ నివేదికలో, కేంద్ర పురావస్తుశాఖ వ్యయమున అన్వేషణకును తవ్వకములకును నూటికి ఒకటికన్న తక్కువగా ఖర్చగుచున్నదని వెల్లడించిరి. కోటగోడను బాగుచేసినచో పదిమందికి కనబడును. మెదకు దుర్గమువంటివి నిలువవలెనన్నచో ఆ ఖర్చు అవసరమే. బొగ్గుముక్క పరీక్ష మాత్రము ఎవరి కంటికిని కనబడదు. కనబడని పనికి ధనము దొరకుట ఎల్లప్పుడును కష్టమే.

బడికి కప్పులేని చోట పాత ఎముకలకు రూకలేల యని పెద్దలు కొందరు ప్రశ్నింపవచ్చును. ఆ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. దానికి సమాధానమిది: పరీక్షకు, నివేదికకు, వస్తువులను భద్రపరచుటకు ధనము ముందుగా ప్రత్యేకించి ఉంచనిదే పార పట్టరాదు. కూలికి మాత్రమే సొమ్మున్న తవ్వకము, సాక్షిని పిలిచి వాఙ్మూలము వ్రాసికొనక పంపివేయుటవంటిది. అట్టి సొమ్ము లేనినాడు దిబ్బను ఉన్నదున్నట్లు విడుచుట మేలు. నేల కూలి అడుగక వేల ఏండ్లు కాపాడినది. ఇంకొక ఇరువది ఏండ్లును కాపాడును. ఈలోగా డ్రోను ఛాయాచిత్రములతోను, భూమిలోనికి తరంగములు పంపి గోడల జాడ తెలుపు రాడారు యంత్రముతోను, పార తాకకయే తెలిసికొనదగినది కొంత కలదు.

అయితే నేల కాపాడవలెనన్నచో బండ్లును, ట్రాక్టర్లును, మట్టితోడు యంత్రములును దానిని విడువవలెను. నూరేండ్లలో బండి తీసిన మట్టిని యంత్రము ఒక్క దినమున తీయగలదు. పాటిమన్నుతో ఒక పంటకు బలము కలుగవచ్చును. ఊరి పుట్టుక మాత్రము పొలమున చల్లబడి పోవును. ఇచట ప్రభుత్వధనమున కంటె ఊరివారి నిగ్రహము విలువైనది.

ఇట్టి పనిలో ప్రజల పూనిక మనకు క్రొత్త కాదు. 1923లో కీర్తిశేషులైన కొమఱ్ఱాజు లక్ష్మణరావు గారి పేరిట హైదరాబాదున వెలసిన లక్ష్మణరాయ పరిశోధక మండలి, భాషాభిమానుల తోడ్పాటుతో శాసనములను సేకరించి, 1935లో తెలంగాణా శాసనములు ప్రకటించెను. తడికాగితమును రాతిపై అద్ది సిరా పూసి అచ్చు తీయుట ఆనాటి సాధనము. సాధనము మారినది, పూనిక మారవలసిన పనిలేదు.

ప్రతి గ్రంథాలయమును ఒక పుస్తకము తెరచి, తన పరిసర గ్రామములలోని పాటిదిబ్బలను, రాకాసిగుళ్ళను, శాసనశిలలను సర్వే నంబర్లతో వ్రాసియుంచవచ్చును. ఏటేట చూచి ఏది తరిగెనో గురుతు వేయవచ్చును. 1878 నాటి నిక్షేపముల చట్టము ప్రకారము పది రూపాయలకు మించిన నిక్షేపము దొరకినచో కలెక్టరుకు తెలుపవలెనని చదువరులకు చెప్పవచ్చును. మన ఊరిలో తవ్వినదాని నివేదిక మన భాషలో మన గ్రంథాలయమునకు రావలెనని అధికారులను అడుగవచ్చును. వీనికి వలసినది ఒక కలము, ఒక పుస్తకము, ఏడాదికి రెండు దినముల కాలినడక. ధనము వచ్చుదినమున చదువుటకు దిబ్బ మిగిలియుండవలెను గదా!