పొంగును, క్రుంగును: ఒక మనోవ్యాధి విషయమున పంచాయతీ కర్తవ్యము

(పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున చేసిన ప్రసంగము)



వీధి దీపములను గూర్చియు, మురుగు కాలువలను గూర్చియు, పన్నుల వసూలును గూర్చియు ఈ శిబిరమున మీరు చాలినంత వినియున్నారు. కంటికి కనిపించని కష్టమొకదానిని మేము నేడు మీ ముందుంచ దలచితిమి. వైద్యులు దానిని బైపోలార్ వ్యాధి యందురు.

కొన్నాళ్ళ క్రిందట ప్రచార కార్యక్రమమునకై మేమొక గ్రామమునకు పోయియుంటిమి. అచ్చట మూడెకరముల మాగాణి గల రైతు ఒకడు గలడు, నెమ్మదస్థుడు. ఒక వేసవిలో అతనికి నిద్ర తగ్గిపోయినది. రాత్రి రెండు గంటలకే లేచి పొలమునకు పోవువాడు, ఎడతెగక మాట్లాడువాడు, ఊరికి చక్కెర మిల్లు కట్టించెద ననువాడు. పది దినములలో ఒక ఎకరమును సగము ధరకు వ్రాసియిచ్చి, ఆ సొమ్మును విందులకు వెచ్చించెను. భూమిని కొన్నవాడును, విందారగించినవారును ఆ యూరివారే. నాడెవ్వరును అతనిని రోగి యనలేదు. చేయి పెద్దదని మెచ్చుకొనిరి. మూడు నెలలు గడచునప్పటికి అతడు నులక మంచము దిగలేనివాడయ్యెను. అప్పుడు కొందరు సోమరి యనిరి, మరికొందరు గాలి సోకిన దనిరి. అతని భార్య మమ్మడిగిన ప్రశ్న యిది: "అయ్యా, పొంగినప్పుడు చుట్టును చేరినవారు, క్రుంగినప్పుడు ఏరీ?"

ఆ ప్రశ్నకు సమాధానము చెప్పవలసినవారము మనమే.

ఈ పొంగును, ఈ క్రుంగును రెండు వ్యాధులు కావు; ఒకే వ్యాధికి రెండు ముఖములు. పొంగినప్పుడు వారమునకు తక్కువ గాకుండ నిద్ర యక్కరలేని ఉత్సాహము, అతివేగపు మాట, కోపము, విచ్చలవిడి వ్యయము కనిపించును. క్రుంగినప్పుడు రెండు వారములకు తక్కువ గాకుండ దిగులు, నిస్సత్తువ, దేనియందును ఆసక్తి లేకుండుట, ఒక్కొక్కప్పుడు చావవలెనను తలంపు కలుగును. నడుమ నడుమ మనిషి యథాప్రకారము పని చేసికొనగలడు. ఇది పాపఫలము కాదు; చేతబడి కాదు; పెండ్లి చేసినచో పోవునదియు కాదు. వంశమున నుండుట, నిద్ర చెడుట, తీవ్రమైన మనస్తాపము, మద్యపానము దీనికి తోడ్పడును. 2017 నాటి లెక్కల ప్రకారము మన దేశమున సుమారు 76 లక్షల మందికి ఈ వ్యాధి గలదు. ఆ దామాషా చొప్పున రెండువేల జనాభా గల గ్రామమున పదిమంది యుందురు. వారు మీ గ్రామమున లేరని చెప్పగలరా?

దీనికి చికిత్స కలదు. లిథియమను ఔషధము ఈ వ్యాధికి పనిచేయునని 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ వెల్లడించెను. నేటికిని అది ముఖ్యమైన మందులలో నొకటి. మేలుగ నున్నదని మందు మానివేయుటయే తరచుగా వ్యాధి తిరుగబెట్టుటకు కారణమగుచున్నది. లిథియము వాడువారు వైద్యుడు చెప్పిన గడువులలో రక్తపరీక్ష చేయించుకొనవలెను. ఎండలో పనిచేయునపుడు నీరు చాలినంత త్రాగవలెను; ఉప్పును ఒక్కసారిగా మానరాదు. ఒంటి నొప్పులకు వాడు కొన్ని మాత్రలును, సూదిమందులును లిథియమును రక్తమున హెచ్చించును. కావున వైద్యు నడుగక వానిని వాడరాదు. వాంతులు, విరేచనములు, చేతుల వణకు, నడకలో తూలు కనిపించినచో వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను.

మందుతోబాటు నియమము అవసరము. వేళకు పరుండి వేళకు లేచుట, కల్లుసారాల జోలికి పోకుండుట, జాతర రాత్రులందును నిద్రను కాచుకొనుట ముఖ్యము. నిద్ర తగ్గుట తరచుగా పొంగునకు తొలి గుర్తు. కుటుంబమువారు దానిని కనిపెట్టవలెను.

చట్టమును గూర్చి రెండు మాటలు. 2001 ఆగస్టు 6వ తేదీన తమిళనాడులోని ఎర్వాడిలో మనోరోగుల నుంచిన పాకలో మంటలు రేగినవి. గొలుసులతో కట్టబడియుండుటచే పారిపోలేక 25 మందికి పైగా మరణించిరి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగిని గొలుసులతో బంధించుటను పూర్తిగా నిషేధించినది. ఆత్మహత్యకు ప్రయత్నించినవానిని తీవ్రమైన ఒత్తిడికి లోనైనవానిగా భావించి, సంరక్షణ కల్పింపవలెనని ఆ చట్టమే చెప్పుచున్నది. మంచిచెడ్డలు తెలియని మనఃస్థితిలో చేసికొన్న ఒప్పందము చెల్లదని 1872 నాటి ఒప్పందముల చట్టము చెప్పుచున్నది. కాని దానిని కోర్టులో రుజువు చేయుట పేదవానికి సులభము కాదు. స్తిమితముగ నున్నప్పుడు అతని హక్కులన్నియు అతనివే; వ్యాధి పేరు చెప్పి భూమిని లాగికొనుట అన్యాయము.

కావున మీరు చేయదగిన పనులు నాలుగు. ఒకటి, ఎవరైనను హఠాత్తుగా భూమి నమ్మజూచినచో, "పది దినము లాగుము, ఇంటివారితో ఆలోచింపుము" అని చెప్పుట. రెండు, ఆశా కార్యకర్త ద్వారా రోగిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు, అచ్చటినుండి జిల్లా ఆసుపత్రికి చేర్చుట. మూడు, 14416 అను టెలిమానస్ ఫోను సంఖ్యను పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయించుట. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన ఈ ఉచిత సేవలో రాత్రింబవళ్ళు తెలుగున మాట్లాడవచ్చును. నాలుగు, "పిచ్చివాడు" అను మాటను మీ నోటినుండి తొలగించుట.

ఆ రైతు చికిత్స పొందుచు, మిగిలిన రెండెకరములను తానే సేద్యము చేసికొనుచున్నాడు. వరుసగ రెండు రాత్రులు నిద్ర తగ్గినచో అతని భార్య వైద్యునికి కబురు చేయును. అట్లు చేయుమని చెప్పినవాడు అతడే. అమ్మిన ఎకరము మాత్రము తిరిగి రాలేదు. ఆ దినమున పంచాయతీ సభ్యు డొక్కడు అతని భుజముపై చేయి వేసి ఆపియున్నచో అది నిలిచెడిది. మీ గ్రామమున ఆ చేయి మీది కావలెనని కోరుచు సెలవు తీసికొనుచున్నాము.