ఫిబ్రవరిలో బడికి ఎవరొస్తారు?

కనిగిరి డిగ్రీ కళాశాల స్నాతకోత్సవానికి ముఖ్య అతిథిగా వచ్చిన విశ్రాంత అధ్యాపకుడు వేదిక మీది పెద్దలకు రెండు మాటల్లో నమస్కారాలు ముగించి, గౌన్లలో కూర్చున్న పిల్లల వైపు తిరిగారు. "పదో తరగతి ఎక్కడ చదివారు? హాస్టలున్న బడా, ఇంటినుంచి వెళ్లొచ్చే బడా?"

ఆయనది జెడ్పీ హైస్కూలు. మెట్ట ప్రాంతం, వానలు మొహం చాటేసిన ఏడు ఊళ్లో చాలా ఇళ్లకు తాళాలు పడేవి. సంక్రాంతి దాటగానే జనం మిర్చి కోతలకు గుంటూరు వైపు తరలిపోయేవాళ్లు. పబ్లిక్ పరీక్షలేమో మార్చిలో. ఊళ్లో అమ్మమ్మ ఉండబట్టి ఆయన చదువు ఆగలేదు. పక్క బెంచీ కుర్రాడు లెక్కల్లో ఆయనకంటే చురుకు. ఫిబ్రవరిలో అమ్మానాన్నలతో కోతలకు వెళ్లినవాడు పరీక్షలకు తిరిగి రాలేదు. ఆయన అధ్యాపకుడయ్యారు, అతడు కూలీగానే మిగిలాడు.

తర్వాత హాస్టలున్న బడి సంగతి ఎత్తారు. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో నల్గొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల మొదలైంది. మరుసటి ఏడాది గుంటూరు జిల్లా తాడికొండలో. పల్లె పిల్లలకు వేళకింత తిండి, పడక, రాత్రి స్టడీ అవర్, సందేహం వస్తే అడగడానికి దగ్గర్లోనే మాస్టారు. సర్వేలులో చదివినవాళ్లు ఐఏఎస్, ఐపీఎస్ దాకా వెళ్లారు. వాళ్లు పరీక్ష పెట్టి ఏరిన పిల్లలు కదా అంటారు. నిజమే. పక్క బెంచీ కుర్రాడూ ఏరదగ్గవాడే!

2008లో ట్రిపుల్ ఐటీలు పెట్టి పదో తరగతి ఫలితాలతోనే సీట్లిచ్చారు. తర్వాత పదో తరగతికి గ్రేడ్లు వచ్చాక సర్కారు బడి పిల్లల గ్రేడు పాయింట్లకు 0.4 కలిపారు. ఏ బడిలో చదివారన్నది తేడా తెస్తుందని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. మంచి పనే. "కానీ పరీక్షే రాయనివాడికి ఆ 0.4 దేనికి కలుపుతారు?"

అక్కడినుంచి ఆయన గొంతు పెరిగింది. "ఏమర్రా వెనక వరుస, ఫోన్లు జేబులో పెట్టండి! మీ వీధిలో పదో తరగతి పిల్లలు ఎందరు? వాళ్లలో ఎవరింట్లో వాళ్లు కోతలకు వెళ్తారు? డిగ్రీ చదివారు, ఈమాత్రం తెలియదా?" పిల్లలు తలలు దించుకుంటే కాస్త మెత్తబడ్డారు. వేసవిలోనే అలాంటి ఇళ్లకు వెళ్లాలనీ, ఆధార్, కుల, ఆదాయ పత్రాలు దగ్గరుండి సిద్ధం చేయించాలనీ, సంక్షేమ హాస్టల్ వార్డెన్‌ను కలిసి జూన్‌లోనే సీటు అడగాలనీ చెప్పారు. సంక్రాంతికి గుర్తొస్తే, అప్పటికి మూటలు కట్టేసి ఉంటారన్నారు.