వేరుపడినవారి ధర్మము
(అచ్చంపేట పఠనమందిరమున గావించిన ఉపన్యాసపాఠము)



ఒక జనసమూహము తాను చేరియున్న రాజకీయార్థిక సమ్మేళనమునుండి వెలుపడుట యుక్తమా, అయుక్తమా యను వివాదము లోకమున పలుతావుల వినబడుచున్నది. బ్రిటను 1973లో ఐరోపా ఆర్థికసమాజమున చేరెను. 1975లో ప్రజలనడిగి ఆ చేరికను స్థిరపఱచుకొనెను. 2016 జూను 23న మరల ప్రజలనడిగి, నూటికి 51.9 వంతుల సమ్మతితో వెడలుటకు నిశ్చయించెను. 2020 జనవరి 31న వెడలెను. ఆ రగడ మనకేల యని మనలో కొందఱనవచ్చును. కాని ఆ రగడ మనకు క్రొత్తది గాదు. అట్టి వివాదమునే మనము 1955 మొదలు 2014 వఱకు అనుభవించితిమి. ఈ విషయమున తెలుగువాడు పరులకు చెప్పదగినది కొంత కలదు.

తెలంగాణము వేరుపడి పదియేండ్లు దాటినది. ముగిసిన తగవును త్రవ్వుటయేల యని మఱికొందఱు అడుగుదురు. పాళ్లు పంచుకొన్న అన్నదమ్ముల సంగతి మనమెఱుగనిదా? నడుమ గోడ పెట్టిననాటితో తగవు తీఱదు. బావి యెవరిది, బాట యెవరిది, తండ్రి చేసిన అప్పెవరిది యను ప్రశ్నలు ఆనాడే మొదలగును. మన విభజన విషయమునను అట్లే జరిగినది. కావున మనమెట్లు కలిసితిమో, ఏల విడిపోతిమో, విడిపోయిన పిదప మనకు మిగిలిన ధర్మమేమో విచారింతము.

మొదట కలయికను చూతము. ఫజల్ ఆలీ అధ్యక్షతను, కుంజ్రూ, పణిక్కరుగార్లు సభ్యులుగా గల రాష్ట్ర పునర్విభజన సంఘము 1955 సెప్టెంబరు 30న తన నివేదిక నిచ్చెను. విశాలాంధ్రవలన కలుగు లాభములను ఆ సంఘము చక్కగా గుర్తించినది. ఒక భాష మాటలాడువారు ఒక్కటగుదురు. కృష్ణా గోదావరుల యాజమాన్యము ఏకమగును. ఆంధ్రరాష్ట్రమునకు రాజధాని చిక్కు తీఱును. అయినను తెలంగాణ ప్రజల భయమును సంఘము త్రోసివేయలేదు. ఇచటి భూమిశిస్తు, ఆబ్కారీ రాబడి తమ మేలునకే వినియోగపడునా? విద్యయందు ముందడుగు వేసిన కోస్తావారితో పోటీపడి మన బిడ్డలు కొలువులు పొందగలరా? ఇవియే ఆ భయములు. అందుచే హైదరాబాదు రాష్ట్రమును కొంతకాలము వేఱుగ నుంచి, 1961 ప్రాంతమున జరుగు ఎన్నికల పిదప శాసనసభలో మూడింట రెండువంతులవారు కోరినచో కలుపవచ్చునని సంఘము సూచించెను.

ఆ సూచన నెగ్గలేదు. హైదరాబాదు శాసనసభలో అభిప్రాయము చెప్పిన 147 మందిలో 103 మంది విశాలాంధ్రను కోరిరి. 29 మంది వలదనిరి. 15 మంది తటస్థులైరి. విశాలాంధ్ర కోరినవారెల్లరు స్వార్థపరులని నేడు మనమనుట అన్యాయము. నిజాముపాలనలో బడిలో తెలుగునకు చోటులేక, సభలో తెలుగు మాటలాడ వీలులేక నలిగిన తరము వారిది. తెలుగు గ్రంథాలయమును స్థాపించుటకే పోరాడినవారు తెలుగువారెల్లరి రాష్ట్రమును కలగనుటలో వింతయేమి? అట్లే వలదన్న యిరువదితొమ్మండుగురును భాషాద్రోహులు గారు. ఒకరు తల్లిభాషను చూచిరి. ఒకరు బిడ్డల బ్రతుకును చూచిరి.

1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో పెద్దమనుషుల యొడంబడిక జరిగెను. ఆంధ్రపక్షమున బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజుగార్లును, తెలంగాణపక్షమున బూర్గుల రామకృష్ణారావు, కె.వి. రంగారెడ్డి, మఱ్ఱి చెన్నారెడ్డి, జె.వి. నరసింగరావుగార్లును దానికి బాధ్యులు. తెలంగాణపు మిగులు తెలంగాణముననే వ్యయింపవలెను. కొలువులకు నివాసనియమ ముండవలెను. ముఖ్యమంత్రి ఒక ప్రాంతమువాడైనచో ఉపముఖ్యమంత్రి రెండవ ప్రాంతమువాడు కావలెను. ప్రాంతీయమండలి యొకటి ఉండవలెను. ఈ మాటలపై 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ వెలసెను.

మాటలు మంచివే. కాని మాట తప్పినచో విచారించువాడెవడు? ఆ యొడంబడికలో దీనికి జవాబు లేదు. తప్పినవాని తప్పు తేల్చుటకు న్యాయస్థానము లేదు. వెలుపడుటకు మార్గము లేదు. ఇద్దఱు రైతులు ఎద్దుల జతను పొత్తున కొన్నప్పుడైనను, పేచీ వచ్చినచో ఫలానా పెద్దవద్ద కూర్చుందమని ముందుగా చెప్పుకొందురు. రెండు ప్రాంతముల భాగ్యమును ముడివేసిన పెద్దలు ఆ మాత్రపు జాగ్రత్త తీసికొనలేదు.

ఫలమేమి? మొదటి మంత్రివర్గముననే ఉపముఖ్యమంత్రి పదవి పూరింపబడలేదు. ప్రాంతీయసంఘము ఏర్పడినను దానికి సలహాయే గాని శాసనము లేదు. మిగులు నిధుల లెక్క యెట్లున్నదో వినుడు: 1969లో కుమార్ లలిత్ 34 కోట్ల రూపాయలకు పైగా తెలంగాణమునకు రావలసియున్నదని తేల్చెను, పిదప భార్గవసంఘము అది 28 కోట్ల పైచిలుకని తేల్చెను. ఇన్నేండ్ల లెక్క ఇట్లు ఒక్కొక్కరికి ఒక్కొక్కటిగ తోచినదన్న, ఏటేట చూచి చెప్పువాడు లేకపోవుటయే కారణము. ఆ లెక్క తేలులోపలనే 1969లో విద్యార్థులు తుపాకిగుండ్లకు కూలిరి. 1971 లోకసభ యెన్నికలలో తెలంగాణ ప్రజాసమితి 14 స్థానములకు 10 గెలిచెను. అయినను రాష్ట్రము రాలేదు.

ఇక నివాసనియమపు కథ మఱింత విచారింపదగినది. 1969 మార్చి 28న సర్వోన్నత న్యాయస్థానము 1957నాటి నివాసచట్టము తెలంగాణమునకు చెల్లదనెను. ఇచట మంట రేగెను. 1972 అక్టోబరు 3న అదే న్యాయస్థానము ముల్కీనియమములు చెల్లుననెను. అచట మంట రేగెను. జై ఆంధ్ర ఉద్యమము పుట్టెను, పి.వి. నరసింహారావుగారి మంత్రివర్గము పోయి 1973 జనవరిలో రాష్ట్రపతిపాలన వచ్చెను. మా రాజధానిలోనే మేము పరాయివారమా యని కోస్తావారడిగిరి. ఆ ప్రశ్నయందును న్యాయము కలదు. మూడేండ్ల యెడములో ఇరుపక్షములును వేరుపడుదుమనిన సంసారమది. అప్పుడు చేయవలసినది పొత్తునకు గట్టి పునాది వేయుట, లేదా మర్యాదగా పంచియిచ్చుట. 1973 సెప్టెంబరు 21నాటి ఆరుసూత్రములు ఆ రెండును చేయలేదు. ప్రాంతీయసంఘము రద్దయ్యెను, ముల్కీనియమములు పోయెను, స్థానికులకని చేసిన క్రొత్తయేర్పాటును సరిగ నడపలేదని 1985 డిసెంబరు 30న మరల 610వ ఉత్తరువు వెలువరింపవలసి వచ్చెను. ఉత్తరువును నడపుటకు మఱియొక ఉత్తరువు!

మన పాలమూరు సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు. దేశమున ఎక్కడ ఆనకట్ట కట్టినను, ఎక్కడ కాలువ త్రవ్వినను పాలమూరు కూలీల చెమట అచట ఇంకినది. సొంతచేనికి మాత్రము నీరు లేదు. కృష్ణ మన జిల్లాలోనే తెలుగునేలను ప్రవేశించును. నల్లమల యడుగున పారును. శ్రీశైలము జలాశయమున మన గ్రామములు పెక్కు మునిగినవి. అయినను బచావత్ న్యాయమండలి పూర్వపు ఆంధ్రప్రదేశ్‌నకు కేటాయించిన 811 టి.ఎం.సి.లలో జూరాలకు దక్కినది 17.84, రాజోలిబండ కాలువకు 15.9. ఈ లోపమంతయు కోస్తావారి పాపమేయని నేననను. 1956లో హైదరాబాదు రాష్ట్రము మూడుముక్కలగుటచే ఎగువ కృష్ణ, తుంగభద్ర, భీమల నుండి మనకు వచ్చునని తలచిన కాలువలు ఎల్ల కావలనే నిలిచిపోయెను. మనవారును మంత్రులై ఏండ్లకేండ్లు పదవులలో కూర్చుండిరి. ఎన్నడు గట్టిగ నోరెత్తిరి? రాయలసీమయును ఇదే మూలుగు మూలిగినది. పరులను నిందించుటకు ముందు ఈ సత్యమును ఒప్పుకొనవలెను.

పిదప జరిగినది మీరు చూచినదే. 2009 డిసెంబరు 9న కేంద్రము ప్రత్యేకరాష్ట్ర ప్రక్రియ మొదలగుననెను. రెండువారములకే, 23న, వెనుకకు తగ్గెను. ఆ వెనుకంజ వలన నిరాశ చెంది ప్రాణములు తీసికొన్న యువకుల తల్లులు నేటికిని మన పల్లెలలో నున్నారు. శ్రీకృష్ణసంఘము 2010 డిసెంబరు 30న ఆరు మార్గములు చూపి, రాష్ట్రమును కలిపియుంచి తెలంగాణమునకు చట్టబద్ధమైన ప్రాంతీయమండలి నిచ్చుట మేలనెను. ఆ మందు 1956లో ఇచ్చియుండిన పనిచేసెడిదేమో. ఏబదినాలుగేండ్ల పిదప రోగికి వైద్యునిమీదనే నమ్మకము పోయినది.

ఇచట గట్టి ఆక్షేపణ యొకటి కలదు. 2014 జనవరి 30న ఉమ్మడి శాసనసభ విభజనబిల్లును నిరాకరించెను. అయినను ఫిబ్రవరి 18న లోకసభయు, 20న రాజ్యసభయు అంగీకరించెను. ఇది ప్రజాస్వామ్యమా యని సీమాంధ్రసోదరులడుగుదురు. రాజ్యాంగము మూడవ అధికరణము ప్రకారము శాసనసభ అభిప్రాయము చెప్పునే గాని నిర్ణయము పార్లమెంటుది. చట్టరీత్యా ఇది తగిన జవాబే. మనసునకు మాత్రము చాలదు. అసలు వేరుపడు విషయమున ఎవరినడుగవలెను? 2014 సెప్టెంబరులో స్కాట్లండు ప్రజలను మాత్రమే అడిగిరి, ఇంగ్లండును అడుగలేదు. నూటికి 55 మంది వలదనిరి. తగవు ఆనాటికి నిలిచినది. 1905లో నార్వేవారు స్వీడనుతో పొత్తు విడిచినప్పుడు ప్రజాభిప్రాయమున 3,68,208 మంది సరేననిరి. 184 మంది మాత్రమే కాదనిరి. చెక్కులు, స్లోవాకులు ప్రజలనడుగకయే 1993 జనవరి 1న వేరైరి. కాని ఉమ్మడి ఆస్తులను ప్రధానముగ జనసంఖ్యనుబట్టి రెండింటికి ఒకటిగా పంచుకొని శాంతముగ నున్నారు. మనవద్ద అడుగుటయు లేదు, పంపకమును పూర్తిగ లేదు.

అట్లయిన వేరుపడుట తప్పా? కాదని నా దృఢాభిప్రాయము. పొత్తు విడుచుటకు మూడు పరీక్షలుండవలెను. కలిసిననాడు షరతు లుండెనా? ఆ షరతులు పలుమారు భగ్నమాయెనా? శాంతముగ సరిదిద్దుకొను యత్నములన్నియు జరిగెనా? ఈ మూడింటికిని తెలంగాణము అవునని చెప్పగలదు. సంఖ్యలో తక్కువవారు సంఖ్యలో ఎక్కువవారి సభలోనే అనుమతి తెచ్చుకొనవలెనన్నచో బలహీనునికి ఎన్నటికిని తలుపు తెఱచుకొనదు. అలిగినప్పుడెల్ల జిల్లాకొక రాష్ట్రము కావలెనను వాదమునకు మాత్రము ఈ పరీక్షలు చోటీయవు.

ఇక మిగిలిన ధర్మమేమి? బ్రిటనువారు ఐరోపాను విడిచిరిగాని ఐర్లండు సరిహద్దును విడువలేకపోయిరి. ఆ యొక్క గీతచుట్టు ఏండ్లు గడిచినవి. మన ఐర్లండు కృష్ణానది. 2015లో తాత్కాలికముగ 512 టి.ఎం.సి.లు ఆంధ్రకు, 299 తెలంగాణకు అని ఒప్పుకొన్నారు. 2023 అక్టోబరులో పంపకపు విచారమును కేంద్రము బ్రిజేశ్‌కుమార్ మండలికి అప్పగించెను. అదే సంవత్సరము నవంబరు చివర నాగార్జునసాగరు కట్టమీద ఇరురాష్ట్రముల పోలీసులు ఎదురెదురుగ నిలిచిరి. ఉమ్మడి రాజధాని గడువు 2024 జూను 2న తీఱెను; అప్పటికిని ఉమ్మడి సంస్థల పంపకము పూర్తికాలేదు. శ్రీశైలమున జలాశయమొకటి, కుడిగట్టు విద్యుత్కేంద్రము వారిది, ఎడమగట్టుది మనది. ఒకరు తూము తెఱచిన ఇద్దఱి నీరు తఱుగును.

నల్లమలలోనికి పోయి చూడుడు. ఒకటిగానున్న పులుల అభయారణ్యము ఈవల అమ్రాబాదు, ఆవల నాగార్జునసాగరు–శ్రీశైలమని రెండైనది. పులి మాత్రము ఏటిని ఈదుచునే యున్నది. చెంచులు రెండు గట్లను గలరు. ఒక కులము, ఒక దేవుడు, ఒక వియ్యము. రెండు ప్రభుత్వములు, రెండు కార్యాలయములు. ఉమ్మడిరాష్ట్రమున వారికి పట్టా రాకున్న కోస్తావారిని నిందించితిమి. నేడెవరిని నిందింతుము?

ఈ ప్రశ్నయే నేటి సభకు ముఖ్యమని మనవి. నీళ్లు, నిధులు, కొలువులు అని మనమడిగితిమి. ఆ మూడింటి లెక్కను హైదరాబాదున మన రాష్ట్రము నేలువారిని, వారే పక్షమువారైనను, అంతకు తగ్గని పట్టుదలతో అడుగవలెను. పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతలకు 2015 జూను 11న శంకుస్థాపన జరిగెను. 2023 సెప్టెంబరు 16న నార్లాపూరున మొదటి పంపు తిరిగెను. ఈ యెనిమిదేండ్లలో అయిన వ్యయమెంత, తడిసిన చేలెన్ని యని అడుగుట ద్రోహము గాదు. ఆ హక్కుకొఱకే వేరుపడితిమి. పొరుగువానిని తిట్టి మన లెక్కను దాచుకొను నాయకుడు, 1956నాటి మాట తప్పినవారికి ఏ విధమునను మెఱుగుగాడు.

రెండవ ధర్మము పొరుగువారియెడ. ఏండ్లక్రిందట వచ్చి ఇచటనే స్థిరపడిన కోస్తా కుటుంబములు మనవారే. నీటి తగవును మండలియెదుట కాగితములతో తేల్చుకొనవలెను. కట్టమీద కఱ్ఱలతో గాదు. మూడవది, ఇకమీద ఆంధ్రతో చేయు ప్రతి యొడంబడికలోను మాట తప్పినచో తీర్పు చెప్పువాడెవడో, ఎన్ని దినములలో చెప్పవలెనో వ్రాయించుకొనుట. ఆ యొక్క వాక్యము లేకపోవుటచే ఒక తరము బ్రతుకు రగడలో గడిచినది.

సోదరులారా! వేరుపడుట హక్కు, వేరుపడి సరిగ బ్రదుకుట బాధ్యత. హక్కు మనకు 2014 జూను 2న చేకూరినది. బాధ్యత యీ పఠనమందిరమున పత్రిక చదువు ప్రతివానిది. రేపటి పత్రికలో ప్రాజెక్టు లెక్క వచ్చినప్పుడు ఆ పుటను త్రిప్పివేయక చదువుడు. అర్థముగాకున్న పదిమందితో కూడి అడుగుడు. ప్రాణములిచ్చినవారికి మనమీయగల తర్పణమదియే.