కంప్యూటరు బొమ్మ టీవీ తెరపై

మనుమరాలి పెండ్లి ఫోటోలను కంప్యూటరు చిన్న తెరపై ఒక్కొక్కరుగా వంగి చూచుటకన్న, ఇంటిల్లిపాదియు కూర్చుండి హాలులోని టీవీపై చూచుట ఎంతయో హాయి. అందులకు కావలసినది ఒక్క కేబులు. దాని పేరు హెచ్‌డీఎంఐ.

దాని విశేషమేమనగా, బొమ్మను శబ్దమును రెండింటిని అదియే కొనిపోవును. 1987లో వచ్చిన వీజీఏ అను కేబులు, మరలు బిగించు నీలిరంగు తలగలది, బొమ్మను మాత్రమే మోయును. శబ్దమునకు వేరొక తీగ వలయును.

కేబులును రెండువైపుల అమర్చిన పిమ్మట, రిమోటుపై సోర్స్ లేక ఇన్‌పుట్ అను బటను నొక్కి, టీవీ వెనుక కేబులు గ్రుచ్చినచోట వ్రాసియున్న సంఖ్యనే ఎన్నుకొనవలెను. పెక్కుమంది ఇచ్చటనే తడబడి, కేబులు చెడినదని అంగడికి పరుగిడుదురు. ముందు ఆ సంఖ్యను చూడుడు. మరల చెప్పుచున్నాను, ముందు సంఖ్యను చూడుడు. అప్పటికిని తెర నల్లగానే యున్నచో, కంప్యూటరుపై విండోస్ గుర్తుగల మీటను, పి అక్షరమును కలిపి నొక్కి, డూప్లికేట్ అనుదానిని ఎంచుకొనుడు.

బొమ్మ వచ్చి శబ్దము రాకున్నచో? తెర దిగువనున్న స్పీకరు గుర్తును నొక్కి, అందు టీవీ పేరును ఎంచుకొనుడు.

బొమ్మ అంచులు తెగి కనబడినచో అది కంప్యూటరు దోషము కాదు. పూర్వపు ప్రసారములలో అంచుల లోపములు కనబడకుండుటకై బొమ్మను కొంత పెంచి చూపు అలవాటు కొన్ని టీవీలకు నేటికిని మిగిలియున్నది. దీనినే ఓవర్‌స్కాన్ అందురు. టీవీ పిక్చరు సెట్టింగులలో దీనిని ఆపివేసినచో అంచులు మరల కనబడును.